పోయినవాడి తరఫు మనిషి

(శాఖా గ్రంథాలయం వార్షిక సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసానికి నేను హత్యల కథల్ని, అందులోనూ నవ్వించే హత్యల కథల్ని ఎంచుకున్నానని తెలిసి ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇబ్బంది పడ్డారు. సంస్మరణ సభలో చావు మీద హాస్యమేమిటన్నారు. మాస్టారు ఉంటే ఆ మాట అనేవారు కాదు. ఇక్కడ గ్రంథపాలకుడిగా ఉన్నన్నాళ్ళూ డిటెక్టివ్ నవలలకు విడిగా ఒక బీరువా కేటాయించి, దానికి తాళం వెయ్యకుండా ఉంచిన మనిషి ఆయన. చివరి పేజీలు చిరిగిపోయిన నవల తిరిగొస్తే ఇంకో ప్రతి ఎక్కడినుంచో సంపాదించి, ఆ పేజీలు తన చేత్తో రాసి అంటించేవారు. మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిలుతో రాసిపెట్టే కుర్రాళ్ళ మీద ఆయనకు వచ్చినంత కోపం పుస్తకం పోగొట్టినవాళ్ళ మీద కూడా వచ్చేది కాదు. ఈ కథల్ని ఆయన పొద్దుపుచ్చే సరుకుగా ఎన్నడూ చూడలేదు. నేనూ చూడను.

నేను మాట్లాడబోయే కథల తీరు మీ అందరికీ తెలిసినదే. ఒక హత్య జరుగుతుంది. దర్యాప్తు చేసేది పోలీసు కాదు, పేరుమోసిన డిటెక్టివూ కాదు. ఫొటోలు తీసుకుని బతికేవాడో, సంగీతం వాయించుకునేవాడో, పక్కింటి ముసలమ్మో అనుకోకుండా ఆ రహస్యం మీద కాలు వేస్తారు. అక్కణ్ణుంచి వాళ్ళు పడే పాట్లు చూసి మనం నవ్వుతాం. నవ్వుతూనే ఉండగా కథ ఎక్కడో ఒకచోట గొంతు పట్టుకుంటుంది.

ఈ నవ్వు ఎక్కడిది? చావులోంచి పుట్టింది కాదని నా నమ్మకం. పోలీసు తలుపు తట్టి ప్రశ్న వేస్తే జవాబు చెప్పి తీరాలి. మామూలు మనిషికి ఆ అధికారం లేదు. అతను ఏదో సాకు మీద లోపలికి వెళ్ళాలి, అబద్ధం ఆడాలి, మంచినీళ్ళు అడిగి గది కలియజూడాలి. తెల్లారితే ఉద్యోగానికి పోవాలి, నెల తిరిగితే అద్దె కట్టాలి. అధికారం లేనివాడు నిజం కోసం బయల్దేరితే అడుగడుక్కీ ఏదో ఒకటి అడ్డం వస్తుంది. నవ్వు ఆ తడబాటులోంచి వస్తుంది. అతని మాట ఎవరూ పట్టించుకోరు గనక వస్తుంది. అగాథా క్రిస్టీ 1930లో 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' నవలతో మిస్ మార్పుల్‌ను నవలల్లోకి తీసుకొచ్చినప్పుడు ఈ కిటుకే పట్టుకుంది. పల్లెటూళ్ళో అల్లిక అల్లుకుంటూ కూర్చునే ఒంటరి ముసలావిడను ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టరు కాబట్టే ఆమె ముందు అన్నీ మాట్లాడేస్తారు.

అయితే ఎవరూ పట్టించుకోకపోవడమనేది బయట లోకంలో ఎంత క్రూరంగా ఉంటుందో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. ఈ కోవ నాటకాలన్నింటిలోకీ పేరు మోసిన నాటకం దాంట్లోంచే పుట్టింది. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో విండ్సర్ అనే ఊరు. ఎమీ ఆర్చర్ అనే ఆవిడ 1907లో భర్తతో కలిసి అక్కడ వృద్ధులకోసం, దీర్ఘరోగులకోసం ఒక ఆశ్రమం తెరిచింది. అక్కడ చేరేవాళ్ళు వారానికింత అని కట్టవచ్చు. లేదా ఒకేసారి వెయ్యి డాలర్లు ఇచ్చేస్తే చనిపోయేదాకా తిండీ, పడకా, ఆలనా పాలనా ఆశ్రమానివే. ఈ ఏర్పాటులోనే మొత్తం కథ ఉంది. వెయ్యి డాలర్లు కట్టిన మనిషి ఎన్నాళ్ళు బతికితే అంత ఖర్చు. తొందరగా పోతే ఆ మంచం ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఊళ్ళో ఆవిడకు భక్తురాలని, దయగల తల్లి అని పేరు. 1910లో మొదటి భర్త పోయాడు. 1913లో మైకేల్ గిల్లిగన్ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుంది, మూడు నెలల్లో ఆయనా పోయాడు. ఆశ్రమంలో ముసలివాళ్ళు వరసగా పోతున్నారు. ముసలివాళ్ళు పోవడంలో వింతేముందని ఊరు ఊరుకుంది.

1914 మే నెలలో ఫ్రాంక్లిన్ ఆండ్రూస్ అనే ఆయన చనిపోయాడు. అంతకు ముందు వరకు ఆరోగ్యంగా తిరుగుతూ, ఆశ్రమం పెరట్లో పనిచేస్తూ కనిపించిన మనిషి. కడుపులో పుండు అని ధ్రువపత్రంలో రాశారు. ఆయన సోదరి నెల్లీ పియర్స్ చేతికి ఆయన కాగితాలు వచ్చాయి. పోయినవాళ్ళ సామాను సర్దే పని ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది కదా, ఆ పని ఆమె చేసింది. ఆ కాగితాల్లో ఆశ్రమం యజమానురాలు తన సోదరుణ్ణి డబ్బు అడిగిన ఉత్తరాలు కనిపించాయి. అప్పుడు ఆమె కొన్ని తారీఖులు పక్కపక్కన పెట్టి చూసుకుంది. ప్రభుత్వ న్యాయవాది దగ్గరకు వెళ్తే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆమె అక్కడితో ఆగలేదు. హార్ట్‌ఫర్డ్ కొరాంట్ పత్రిక గడప ఎక్కింది. పత్రికవాళ్ళు మరణాల లెక్క తీశారు. 1916 మే 9న ఆ పత్రిక మొదటి కథనం అచ్చువేసింది. ఆ కథనాలతో ఆ ఇంటికి హత్యల కర్మాగారం అన్న పేరు పడిపోయింది. పోలీసులు సమాధులు తవ్వించారు. ఆర్సెనిక్ అనే విషం కొన్నేళ్ళు గడిచినా శరీరంలో మిగిలే ఉంటుంది. దాన్ని కనిపెట్టే మార్ష్ పరీక్ష 1836 నుంచీ ఉంది. ఆండ్రూస్ శరీరంలోనూ, రెండో భర్త శరీరంలోనూ, తవ్వి తీసిన మిగతావారిలోనూ విషమే బయటపడింది. ఎలుకలకోసమని ఆవిడ విషం కొన్నట్టు తేలింది. 1917లో ఉరిశిక్ష పడింది. అప్పీలు తర్వాత 1919లో మళ్ళీ విచారణ జరిగి అది యావజ్జీవంగా మారింది. 1924లో మానసిక చికిత్సాలయానికి మార్చారు. ఆవిడ 1962 దాకా అక్కడే బతికింది.

ఈ ఉదంతం ప్రేరణతో జోసెఫ్ కెసెల్రింగ్ 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్' నాటకం రాశాడు. 1941 జనవరిలో బ్రాడ్‌వేలో మొదలై 1,444 ప్రదర్శనలు ఆడింది. ఫ్రాంక్ కాప్రా తీసిన సినిమా 1944లో వచ్చింది. నాటకంలో ఆశ్రమం లేదు, వెయ్యి డాలర్ల ఒప్పందం లేదు. బ్రూక్లిన్‌లో ఒక పాత ఇల్లు, అందులో అబీ, మార్తా అనే ఇద్దరు తియ్యటి ముసలి అక్కచెల్లెళ్ళు ఉంటారు. అద్దెకు గది అడగడానికి వచ్చే దిక్కులేని వృద్ధులకు, వాళ్ళ ఒంటరితనం చూడలేక, విషం కలిపిన పళ్ళ సారాయి పోసి సాగనంపుతుంటారు. అది వాళ్ళ దృష్టిలో దానధర్మం. తనను తాను అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అనుకునే మతి చలించిన మేనల్లుడు, పనామా కాలువ తవ్వుతున్నానన్న భ్రమలో నేలమాళిగలో గోతులు తీస్తాడు. శవాలు ఆ గోతుల్లోకి పోతాయి. ఇంకో మేనల్లుడు మోర్టిమర్ నాటక విమర్శకుడు. కిటికీ కింద పెట్టె మూత ఎత్తి శవాన్ని చూసిన క్షణం నుంచి అతని ప్రాణం విలవిల్లాడుతుంది, ప్రేక్షకుడు నవ్వు ఆపుకోలేడు.

ఈ నాటకం నైపుణ్యానికి నేను తలవంచుతాను. రంగాలు అతికిన తీరు, శవాన్ని మార్చి శవాన్ని పెట్టే ఆ గారడీ నాటకం రాసే ప్రతి ఒక్కరూ కూర్చుని నేర్చుకోవలసినవి. కానీ ఇందులో ఎవరు లేరో గమనించండి. నెల్లీ పియర్స్ లేదు. చనిపోయినవాళ్ళకు నా అన్నవాళ్ళు ఎవరూ లేనట్టు రచయిత ముందే కట్టుదిట్టం చేసుకున్నాడు. దిక్కులేనివాళ్ళను మాత్రమే చంపుతారు ఆ అక్కచెల్లెళ్ళు. పైగా ప్రతి శవానికీ మతవిధి ప్రకారం ప్రార్థనలు చదివి, పాటలు పాడి మరీ పూడుస్తారు. చంపినవాళ్ళే కర్మ చేస్తారు, ఆ కాస్త దుఃఖమూ వాళ్ళ చేతుల్లోనే ముగిసిపోతుంది. అందుకే ప్రేక్షకుడు ఏ అడ్డూ లేకుండా నవ్వగలిగాడు. ఒక్క పాత్ర, ఒక్క సోదరి, చేతిలో ఉత్తరాల కట్టతో ఆ ఇంటి తలుపు తట్టి ఉంటే ఆ నాటకం అక్కడ ఆగిపోయేది. లేదా ఇంకా గొప్పది అయ్యేది. గొప్పదే అయ్యేదని నేను నమ్ముతాను. 

అందుకే ఇలాంటి కథ ఏది నా చేతికొచ్చినా నేను ముందు ఒకటే అడుగుతాను. ఇందులో పోయినవాడి తరఫున ఎవరున్నారు? హంతకుడెవరన్నది ఆ తర్వాతి సంగతి.

హిచ్‌కాక్ 1955లో తీసిన 'ది ట్రబుల్ విత్ హారీ'ని ఈ ప్రశ్నతో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. వెర్మాంట్ కొండల్లో ఆకులు ఎర్రబడిన శరత్కాలం, చెట్ల కింద హారీ శవం. కుందేళ్ళ వేటకొచ్చిన ముసలి కెప్టెన్ తన తుపాకి గుండే తగిలిందనుకుంటాడు. ఒక నడివయసు అవివాహిత తన బూటు మడమ దెబ్బకు పోయాడనుకుంటుంది. విడిగా ఉంటున్న భార్య తాను పాలసీసాతో కొట్టిన దెబ్బే అనుకుంటుంది. ఎవరి భయం వాళ్ళది. పూడుస్తారు, తవ్వుతారు, మళ్ళీ పూడుస్తారు. చివరికి అది గుండె ఆగిన సహజ మరణం. ఈ సినిమాలో హారీ కోసం ఎవరూ ఒక్క చుక్క రాల్చరు. అయినా ఇది నన్ను బాధించదు. ఇక్కడ హంతకుడే లేడు, ఎవరికీ అన్యాయం జరగలేదు. పైగా శామ్ అనే చిత్రకారుడు ఆ శవం ముఖాన్ని శ్రద్ధగా రంగుల్లో గీస్తాడు. ఆ ఊళ్ళో హారీ ముఖంలోకి మనిషిగా చూసినవాడు అతనొక్కడే. ఆ బొమ్మే తర్వాత పోలీసు చేతిలో సాక్ష్యమవుతుంది కూడా.

ఇప్పుడు మన దేశానికి వస్తాను. ఈ కోవలో మన దేశంలో వచ్చిన అన్నింటికన్నా పెద్ద పని కుందన్ షా తీసిన 'జానే భీ దో యారో'. జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ డబ్బుతో, ఇవాళ ఒక పాట చిత్రీకరణకు కూడా చాలని ఖర్చుతో, 1983లో వచ్చింది. దర్శకుడి తొలి చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. మీలో చూసినవాళ్ళు మళ్ళీ చూడండి. చూడనివాళ్ళు ఈ వారమే చూడండి.

బొంబాయిలో వినోద్, సుధీర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఫొటో స్టూడియో పెడతారు. నసీరుద్దీన్ షా, రవి బాస్వానీ ఆ పాత్రలు వేశారు. గిరాకీ లేదు. ఒక పత్రిక సంపాదకురాలు వాళ్ళకు పని ఇస్తుంది: తర్నేజా అనే బిల్డరునూ మునిసిపల్ కమిషనర్ డిమెల్లోనూ రహస్యంగా ఫొటోలు తియ్యాలి. ఇంకోవైపు ఒక పార్కులో వాళ్ళు వేరే పని మీద తీసిన ఫొటోలో ఏదో మూల అనుమానంగా కనిపిస్తుంది. దాన్ని పెద్దది చేస్తారు, ఇంకా పెద్దది చేస్తారు. తుపాకి పట్టుకున్న చెయ్యి తేలుతుంది. కమిషనర్ హత్య అది. ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీ 1966లో తీసిన 'బ్లో అప్' నుంచి ఈ ఊహ తీసుకున్నామని ఒప్పుకుంటూ ఆ పార్కుకు ఆయన పేరే పెట్టారు. ఇది నాకు చాలా నచ్చిన మర్యాద.

అక్కణ్ణుంచి శవం చేతులు మారడం మొదలవుతుంది. శవం దొరికితే తర్నేజాకు ముప్పు, అతని ప్రత్యర్థి ఆహుజాకు ఆయుధం, సంపాదకురాలికి బేరం పెట్టుకునే సరుకు. ఆ శవాన్ని సాక్ష్యంగా చూసినవాళ్ళు ఆ ఊరంతటిలో ఈ ఇద్దరు కుర్రాళ్ళే. తాగిన మత్తులో ఆహుజా శవపేటికను టైరు పంక్చరైన కారనుకుని మాట్లాడే రంగం, చివరికి శవం ద్రౌపది చీరలో రంగస్థలం మీదకు చేరే రంగం మన వాళ్ళకు ప్రత్యేకంగా అందుతాయి. తిరుపతి వేంకట కవుల నాటకాలను రాత్రుళ్ళు తెల్లార్లూ చూసి పెరిగిన ప్రేక్షకుడికి నిండుసభలో ద్రౌపది ఏమిటో వివరించనక్కర్లేదు. అక్కడ కౌరవ వేషం తగిలించుకున్న మన ఫొటోగ్రాఫరు చీర లాగేది లేదంటాడు, లాగితే శవం బయటపడుతుంది గనక. నల్ల కళ్ళద్దాల భీముడు గద పట్టుకుని దూసుకొస్తాడు. గుడ్డి రాజు ఏం జరుగుతోందని అడుగుతూనే ఉంటాడు. కాసేపటికి మొగలాయీ వేషాలు కూడా అదే వేదిక ఎక్కేస్తాయి.

ఆ రంగాన్ని మనం అల్లరిగా గుర్తుపెట్టుకున్నాం. నేను దాన్ని వేరేలా చూస్తాను. సభలో అందరూ లాగుతున్నది ఒక్క శరీరాన్నే. ఆ శరీరానికి కలగబోయే అవమానాన్ని ఆపేవాళ్ళు ఇద్దరే, వాళ్ళు అనామకులు. డిమెల్లో మంచివాడు కాడు, లంచగొండి. అయినా అతన్ని చంపినవాళ్ళు తప్పించుకోకూడదని ఆ కుర్రాళ్ళు శవాన్ని కావలించుకుని పరుగెత్తుతారు. ఆ డిమెల్లో పేరు పెట్టిన ఫ్లైఓవరు కూలిపోతుంది. చివర్లో బిల్డర్లూ, అధికారీ, పత్రికా అంతా రాజీపడి, నేరం ఆ ఇద్దరి నెత్తిన వేస్తారు. ఖైదీ దుస్తుల్లో నగరం మధ్య నడుచుకుంటూ వచ్చి వాళ్ళు మనవైపు తిరిగి మెడ మీద చెయ్యి అడ్డంగా గీసుకునే దృశ్యంతో సినిమా అయిపోతుంది. రెండు గంటలు నవ్విన హాలు అక్కడ నోరు మూసుకుంటుంది. విండ్సర్‌లో నెల్లీ పియర్స్ మాట ఒక పత్రిక విన్నది. ఇక్కడ పత్రికే అమ్ముడుపోయింది. నలభై ఏళ్ళు దాటినా ఆ ముగింపు నాకు పాతబడలేదు.

2018లో శ్రీరామ్ రాఘవన్ తీసిన 'అంధాధున్' గురించి రెండు మాటలు. గుడ్డివాడిగా నటించే పియానో కళాకారుడి కళ్ళ ముందే ఒక పాత సినిమా నటుడి హత్య బయటపడుతుంది. చూశానని చెబితే తన గుడ్డితనం అబద్ధమని తేలుతుంది. సామాన్యుడు సాక్షి అయినా నోరు విప్పలేని ఇరకాటం అది. అంతకంటే మంచి ఇరకాటాన్ని ఈ మధ్య ఎవరూ అల్లలేదు. అయితే ఆ సినిమాలో నన్ను వెంటాడేది పక్క ఫ్లాట్ ముసలావిడ. తాను చూసిన మనిషి గురించి పోలీసుకు చెప్పేది ఆమె ఒక్కతే. ఆమెను మేడ మీంచి తోసేస్తారు. పోయినవాడి తరఫున మాట్లాడినందుకు ఆమె కూడా పోయింది. ఆమెను తోసేసిన హంతకురాలి పాత్రలో టబూ నటన అసామాన్యం. ఆమె హైదరాబాదులో పుట్టిన నటి. 2021లో ఇదే కథ తెలుగులో 'మాస్ట్రో'గా వచ్చింది. మూలంలో ఉన్న చేదును మనవాళ్ళు ఇంకొంచెం ధైర్యంగా నిలబెట్టి ఉండవలసిందని నా అభిప్రాయం.

మన తెలుగులో హత్యల కథలకు కొరత ఎప్పుడూ లేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, రాజు రెండు తరాల పాఠకులకు ఇంట్లో మనుషులు. ఆరుద్ర అంతటివారు డిటెక్టివ్ నవలలు రాశారు. కానీ యుగంధర్ వృత్తి డిటెక్టివు, పోలీసులు ఆయన సలహాకోసం ఎదురుచూస్తారు. ఆయన తడబడడు. మామూలు మనిషి తడబాటును తెలుగులో మల్లాది వెంకటకృష్ణమూర్తిగారు 'చంటబ్బాయ్' నవలలో పట్టుకున్నారు. 1986లో జంధ్యాలగారు దాన్ని చిరంజీవితో సినిమాగా తీశారు. హత్యానేరం మీదపడిన అమ్మాయికోసం కథానాయకుడు పాండురంగారావు పడే తపనలో ప్రేమ ఉంది, అమాయకత్వం ఉంది. చచ్చిపోయిన మనిషి మాత్రం అందులో ఎవరికీ గుర్తుండడు. 

ఆ లోటు తీర్చింది 2019లో స్వరూప్ ఆర్.ఎస్.జె. తీసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. నెల్లూరులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుని, సినిమాలు చూసి వేషం నేర్చుకున్న కుర్రాడు. నవీన్ పోలిశెట్టి ఆ పాత్రను మొదటి సగం నవ్వుల్లో నడిపిస్తాడు. రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని శవాల దగ్గర అతను ఇరుక్కుంటాడు. అంత్యక్రియల మీద మనుషులకున్న నమ్మకాన్ని పెట్టుబడిగా చేసుకున్న మోసం దాని వెనక ఉంది. ఆ తవ్వకం అతణ్ణి తన తల్లి చావు దగ్గరకే తీసుకెళ్తుంది. వేషంగా మొదలైన దర్యాప్తు అక్కడ కొడుకు దర్యాప్తుగా మారుతుంది. లోపాలు లేవని అనను, రెండో సగంలో వివరణ ఎక్కువైంది. కానీ పరాయి శవాల వెంట తిరిగినవాడికి ఆ శవాల్లో సొంత మనిషి కనిపించేలా కథ అల్లడం తెలుగు తెర మీద నేను చూసిన మంచి పనుల్లో ఒకటి.

ఇక్కడ కథలు రాసే యువతీయువకులు చాలామంది కూర్చున్నారు. మీకోసం ఒక మాట. మన పత్రికల జిల్లా పేజీల్లో అడుగున ఒక చిన్న ప్రకటన తరచూ కనిపిస్తుంది. గుర్తు తెలియని మృతదేహం, వయసు సుమారు నలభై అయిదు, నీలం గళ్ళ చొక్కా, కుడిచేతి మీద పచ్చబొట్టు, ఆచూకీ తెలిసినవారు ఫలానా పోలీసు స్టేషనుకు తెలియజేయగలరు. మనం పేజీ తిప్పేస్తాం. ఆ ప్రకటన చదివి బస్సెక్కి బయల్దేరే మనిషి ఒకరు ఎక్కడో ఉంటారు. అప్పటికే ఆమె రెండు స్టేషన్లు తిరిగి ఉంటుంది. సెలవు పెట్టడానికి ఆఫీసులో ఒక అబద్ధం, ఇంట్లో ఇంకో అబద్ధం చెప్పి ఉంటుంది. బల్ల దగ్గర కూర్చున్నాయన ఫారం తప్పని మళ్ళీ రాయించి ఉంటాడు. హాస్యం కోసం మీరు వేరే ఎక్కడా వెతకనక్కర్లేదు, అది ఆమె దారి పొడుగునా ఉంది. భయమూ అక్కడే ఉంది. విదేశీ సినిమాల బంగళాలూ, పొగమంచూ మనకక్కర్లేదు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. రాయడానికి కూర్చున్నప్పుడు హంతకుడెవరో తేల్చుకోకముందే, పోయినవాడి ట్రంకుపెట్టె ఎవరు తెరుస్తారో తేల్చుకోండి. ఆ అధ్యాయం ముందు రాయండి.